సముద్రం కనపడని ఓడరేవు: బ్రిస్టల్‌లో మా పదకొండు రోజులు

మా ఆయన చేతిలో గారె సగం కొరికి ఉంది. మిగతా సగం ఎలా పోయిందో ఇద్దరం సరిగ్గా చూడలేదు. తెల్లగా ఏదో చెంప పక్క నుంచి దూసుకుపోయింది, అంతే. చూస్తే నాలుగు గజాల అవతల, రేవు గట్టు మీద మన కోడిపుంజంత సీగల్ ఒకటి మా గారెను మింగుతోంది. మిరియం తగిలిందో ఏమో, ఓసారి తల విదిలించింది. మళ్ళీ ఇటే చూసింది.

"ఇంకోటి ఉందా అని అడుగుతోందే" అన్నారాయన.

ఆ రోజు సోమవారం. ఉదయం పదింటికల్లా 'ఎమ్ షెడ్' అనే నగర మ్యూజియం ముందు నిలబడ్డాం. సోమవారాలు సెలవని తలుపు మీద రాసి ఉంది. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించిన లిస్టులో అమ్మాయి ఈ సంగతి కూడా రాసిందట, ఎర్ర పెన్నుతో. మేం చదవలేదు. అందుకే మధ్యాహ్నానికి కట్టుకున్న గారెలు పదింటికే గట్టు మీద విప్పాల్సి వచ్చింది.

అమ్మాయీ అల్లుడూ ఈ ఊరికి వచ్చి మూడేళ్ళయింది. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా మోకాళ్ళ నొప్పులని, వీసా గొడవని దాటేస్తూ వచ్చాం. చివరికి నన్ను ఒప్పించింది మాత్రం ఓ వంకాయ కూర పూట ఫోన్‌లో అమ్మాయి అన్న మాట: "అమ్మా, నువ్వు పిల్లలకు చెప్పే రామ్మోహన్ రాయ్ సమాధి మా ఇంటి నుంచి అరగంటే."

రాజమండ్రిలో నేను 28 ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పాను. 'రాజా రామ్మోహన్ రాయ్ ఎక్కడ మరణించెను?' అనేది ఒక మార్కు ప్రశ్న. జవాబు బ్రిస్టల్. వేల పేపర్లలో ఆ మాటకు టిక్కు పెట్టాను. అది ఎక్కడుందో మ్యాపులో చూపించమని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చూపించలేదు. అడిగి ఉంటే సముద్రం ఒడ్డున ఓ చుక్క పెట్టేదాన్నేమో. అది తప్పయ్యేది.

ఎందుకంటే బ్రిస్టల్ ఓడరేవే గానీ, ఊళ్ళో ఎంత తిరిగినా సముద్రం కనపడదు. అది పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఓడలు ఏవన్ నది వెంట మలుపులు తిరుగుతూ లోపలికి వచ్చేవి. చిక్కంతా ఆటుపోట్లతోనే. నది సముద్రంలో కలిసే చోట, పెద్ద పోటు రోజుల్లో నీరు 12 మీటర్లకు పైగా లేస్తుంది, మళ్ళీ అంతా దిగిపోతుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తన్నమాట. మా గోదావరికి ఏడాదికోసారి ఎర్రనీళ్ళు వస్తేనే ఊరంతా పుష్కర ఘాట్‌కు వెళ్ళి చూసొస్తాం. ఈ నదికి రోజుకు రెండుసార్లు వరద, రెండుసార్లు వేసవి. పోటు తీయగానే ఓడలు బురదలో కూర్చుని ఓ పక్కకు ఒరిగిపోయేవి. కాబట్టి బ్రిస్టల్‌కు వచ్చే ఓడకు అడుగు గట్టిగా ఉండాలి, లోపలి సరుకు కదలకుండా సర్ది ఉండాలి. ఏదైనా పొందిగ్గా, తీరుగా ఉంటే 'బ్రిస్టల్ ఫ్యాషన్‌లో ఉంది' అనడం అలా వచ్చిందంటారు.

ఆ బాధ పడలేక నదికి పక్కగా కొత్త కాలువ తవ్వి నీటిని అటు మళ్ళించారు. పాత నదికి తలుపులు బిగించి, నీరు ఎప్పుడూ నిండుగా ఉండేలా చేశారు. విలియమ్ జెస్సప్ అనే ఇంజనీరు పని. 1804లో మొదలై 1809లో పూర్తయింది. దాన్నే 'ఫ్లోటింగ్ హార్బర్' అంటారు. నడిబొడ్డున చెరువులా కదలకుండా ఉండే ఆ నీటి గట్టు మీదే మా గారె పోయింది.

"కాటన్ దొర మన ఆనకట్ట మొదలుపెట్టడానికి దాదాపు నలభై ఏళ్ళ ముందు" అన్నారు మా ఆయన. ఈయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. ఏ తేదీ విన్నా ఇంకో తేదీతో కలిపి చూస్తేగానీ తోచదు.

పడవ ఎక్కి హార్బరు చివరిదాకా వెళ్ళాం. పసుపూ నీలం రంగుల చిన్న పడవలు బస్సుల్లాగా ఒక్కో రేవు దగ్గరా ఆగుతూ తిప్పుతాయి. నడవలేని వాళ్ళకు ఇంతకన్నా హాయి లేదు. పడమటి చివర ఎర్ర ఇటుకతో కోటల్లాంటి మూడు గోదాములు కనిపించాయి. పేర్లు ఏ బాండ్, బీ బాండ్, సీ బాండ్. వాటిలో ఏముండేదని పడవ నడిపే అబ్బాయిని అడిగాను. "టొబాకో" అన్నాడు. 1900ల మొదట్లో దిగుమతి పొగాకును పన్ను కట్టేదాకా నిల్వ ఉంచడానికి కట్టారట. బీ బాండులో ఇప్పుడు నగరం పాత రికార్డులు దాస్తున్నారు.

నాకు పొగాకు అంటే మాట కాదు, వాసన. మా పుట్టిల్లు దేవరపల్లి దగ్గర. నాన్న వర్జీనియా వేసేవారు. ఆకు కోసే రోజుల్లో చేతులకు నల్లటి జిగురు పట్టేది. ఎంత తోమినా పోయేది కాదు, అన్నం ముద్ద చేదుగా ఉండేది. నాన్న ఆకు ఎండబెట్టే బ్యారన్ దగ్గరే పడుకుని రాత్రంతా పొయ్యి వేడి చూసుకునేవారు. ఆ గోదాముల గోడలు చూస్తుంటే మా నాన్న బేళ్ళు ఇక్కడిదాకా వచ్చాయేమో అనిపించింది. అందుకు ఆధారం ఏమీ లేదు, ఊరికే అనిపించింది.

మూడో రోజు 'ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్' ఓడ. టికెట్ ధరను రూపాయల్లోకి మార్చి చూడనని అమ్మాయి ముందే నా చేత ఒట్టు వేయించుకుంది. ఆయన వేయలేదు కాబట్టి కౌంటరు దగ్గరే లెక్క కట్టి, రెండు నిమిషాలు మాట్లాడలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం "ఇంకాస్త తీసుకున్నా తప్పులేదు" అన్నారు.

ఇది ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ అనే ఇంజనీరు రూపకల్పన. ఒళ్ళంతా ఇనుము, వెనక పంకా లాంటి ప్రొపెల్లర్. ఈ రెండూ కలిసి ఉన్న మొదటి పెద్ద సముద్రపు ఓడ. 98 మీటర్ల పొడవు. 1843 జులై 19న ఇదే రేవులో నీళ్ళలోకి దించారు. తీరా చూస్తే హార్బరు తలుపులకన్నా ఓడ పెద్దది! ఏడాదికి పైగా లోపలే చిక్కుకుపోయి, 1844 చివర్లో ఎలాగోలా బయటపడింది. మంచం చేసేవాడు గుమ్మం కొలత చూసుకోకపోవడం మన ఊళ్ళలోనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఓడను పైనుంచి చూస్తే నీళ్ళ మీద తేలుతున్నట్టే ఉంటుంది. ఆ నీళ్ళు గాజు పలకల మీద పారే పల్చటి పొర మాత్రమే. మెట్లు దిగి ఆ గాజు కిందికి వెళితే తల మీద నీళ్ళు మెరుస్తుంటాయి, ఎదురుగా ఓడ అడుగుభాగం నిలబడి ఉంటుంది. అక్కడ అడుగు పెట్టగానే ఓ క్షణం ఆగిపోయాను. పొడి వేడి గాలి. అచ్చం మా బ్యారన్ గాలి, ఆకు వాసన ఒక్కటి తక్కువ. ఉప్పునీళ్ళలో దశాబ్దాలు నానిన ఇనుములోకి ఉప్పు ఎక్కిపోయింది, గాలిలో తేమ తగిలితే తుప్పు ఆగదు. అందుకే యంత్రాలతో ఆ అడుగుగదిలో తేమను 20 శాతం దగ్గరే కట్టేశారు. ఆకును ఎండబెట్టే పద్ధతే, పని మాత్రం వేరు.

దగ్గరికి వెళ్ళి చూశాను. ఇనుప రేకులు పాత అప్పడాల్లా అక్కడక్కడా చిల్లులు పడి, పొరలుగా లేచి ఉన్నాయి. రివెట్లు వరసలు తప్పకుండా ఉన్నాయి. కుడి పక్కన పెద్ద పగులు. ఆ పగులు కథ విని తీరాలి. ఈ ఓడ ఒక దశలో ఐర్లండ్ తీరాన ఇసుకలో కూరుకుపోయింది, తర్వాత ఆస్ట్రేలియాకు వలసవాళ్ళను మోసింది, ముసలితనంలో దక్షిణ అమెరికా కింద ఫాక్‌లాండ్ దీవుల్లో బొగ్గు గోదాముగా పడి ఉంది. 1937లో ఇక పనికిరాదని అక్కడే నీళ్ళలో వదిలేశారు. 1970లో కొందరు వెళ్ళి దాన్ని లేపారు. పగులులోంచి నీళ్ళు రాకుండా దీవుల్లోని వాళ్ళు ఇచ్చిన పాత పరుపులు కుక్కారట! అలా తేల్చి, పెద్ద తెప్ప మీదకెక్కించి, అట్లాంటిక్ మీదుగా లాక్కొచ్చారు. పుట్టిన రేవులోకే తెచ్చి పెట్టారు, 1970 జులై 19న. నీళ్ళలోకి దించి సరిగ్గా 127 ఏళ్ళు.

పై అంతస్తుల్లో ప్రయాణికుల గదులు. మొదటి తరగతి వాళ్ళ భోజనాల హాలు పెళ్ళి మండపంలా ఉంది. కింది తరగతి వాళ్ళకు చెక్క అరలు, ఒకదాని మీద ఒకటి. నేను ఓ అరలో కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి అరకు తగిలాయి. ఆస్ట్రేలియాకు రెండు నెలల ప్రయాణం ఇలాగే. అప్పటి వాసనలు కూడా పెట్టారు, వంటగది దగ్గర ఒకటి, వాంతులు చేసుకున్న గది దగ్గర ఒకటి. ఆ రెండోది లేకపోయినా నేనేమీ అనుకోను.

1861లో ఇంగ్లండ్ నుంచి మొదటి క్రికెట్ జట్టు ఆస్ట్రేలియా వెళ్ళింది ఈ ఓడ మీదే. 1857లో మన సిపాయిల తిరుగుబాటును అణచడానికి బొంబాయికి సైన్యాన్ని మోసిందీ ఇదే. క్రికెట్ సంగతి ఆయన అల్లుడికి ఫోన్ చేసి చెప్పారు. రెండో సంగతి నేను చెప్పాను.

క్లిఫ్టన్ వేలాడే వంతెన గురించి ఎక్కువ రాయను, ఫొటోలు అందరూ చూసే ఉంటారు. నది మీద 75 మీటర్ల ఎత్తున, స్తంభానికీ స్తంభానికీ మధ్య 214 మీటర్లు. ఇదీ బ్రూనెల్ నమూనాయే. 1831లో పని మొదలైతే అల్లర్లూ డబ్బుల కొరతా అడ్డొచ్చాయి. ఆయన 1859లో పోయారు, వంతెన 1864లో తెరిచారు. లండన్‌లో ఆయనే కట్టిన ఇంకో వంతెనను విప్పేస్తుంటే దాని గొలుసులు తెచ్చి ఇక్కడ వాడారు. ఓడ బ్రిస్టల్ విడిచి వెళ్ళేనాటికి ఈ వంతెన లేదు. 1970లో తిరిగి వస్తూ మొదటిసారి దాని కింద నుంచి వచ్చింది. ఒకే తండ్రి బిడ్డలు రెండూ ఒకదాన్నొకటి అప్పుడే చూసుకున్నాయి. మధ్యలోకి వెళ్ళి నిలబడితే కారు పోయినప్పుడల్లా కాళ్ళ కింద సన్నగా ఊగుతుంది. నేను వెనక్కి వచ్చేశాను.

మా ఆయన మాత్రం బ్రూనెల్ వలలో పడిపోయారు. బ్రూనెల్‌గారి రైలు పట్టాల మధ్య దూరం ఏడడుగులు! మన బ్రాడ్‌గేజ్ అయిదున్నర అడుగులే. 1892లో దాన్ని తీసేసి అందరిలాంటి చిన్న గేజ్ వేసుకునేదాకా బ్రిస్టల్ వైపు పెద్ద గేజే నడిచింది. టెంపుల్ మీడ్స్ స్టేషన్లో ఓ బెంచీ మీద కూర్చుని ఈ విషయాన్ని నాకు మూడుసార్లు చెప్పారు. మూడోసారి నేను పట్టాల వైపు చూస్తూ ఊఁ కొట్టాను.

అసలు ఆయనకు పండగ కార్న్ స్ట్రీట్‌లో. పాత ఊరి నడుమ 1743 నాటి ఎక్స్ఛేంజ్ భవనం ఉంది, వర్తకులు కలుసుకుని బేరాలాడే చోటు. దాని గడియారానికి నిమిషాల ముల్లులు రెండు! ఒకటి లండన్ టైము, ఒకటి బ్రిస్టల్ టైము. రెండింటికీ సుమారు పది నిమిషాల తేడా. బ్రిస్టల్ పడమరన ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. రైళ్ళు రాకముందు ఎవరి ఊరి టైము వాళ్ళదే. రైలు వచ్చాక పాత టైము నమ్ముకున్నవాడికి బండి దొరకలేదు. చివరికి 1852లో ఊరు లండన్ టైముకు మారింది, రెండో ముల్లు మాత్రం ఉండిపోయింది.

"మనకూ మద్రాస్ టైమని ఉండేదిగా, రైల్వేకి దేశమంతా అదే" అంటూ ఆయన గడియారం కింద పావుగంట నిలబడ్డారు. లండన్ టైములో పావుగంటా, బ్రిస్టల్ టైములో పావుగంటా అని నేను వేళాకోళం ఆడితే నవ్వలేదు.

ఆ భవనం ముందే కాలిబాట మీద నాలుగు కంచు బల్లలున్నాయి, నడుము ఎత్తున, గుండ్రంగా. వాటి పేరు 'నెయిల్స్'. బేరం కుదిరితే డబ్బు ఆ బల్ల మీదే పెట్టేవారట. అక్కడికక్కడే నగదు చెల్లించడాన్ని ఇంగ్లీషులో 'ఆన్ ద నెయిల్' అనడం వీటినుంచే వచ్చిందని ఊరివాళ్ళ మాట. బల్ల అంచు కాస్త పైకి లేచి ఉంది, నాణెం దొర్లి కింద పడకుండా. నేను ఓ నాణెం తీసి దొర్లించి చూశాను. అంచుకు తగిలి ఆగింది, మంచి పనితనం. చల్లటి ఆ కంచు మీద చెయ్యి పెట్టినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది: ఈ బల్లల మీద ఏ సరుకుకు డబ్బు లెక్కపెట్టారు?

జవాబు కోసం ఎక్కువ దూరం వెళ్ళక్కర్లేదు. పార్క్ స్ట్రీట్ ఎక్కాలి, అంతే. ఆ ఎక్కుడుకు మేం మోకాళ్ళ పర్వతం అని పేరు పెట్టుకున్నాం, తిరుమల నడిచి ఎక్కినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. పక్క వీధిలో 'జార్జియన్ హౌస్' అని 1790 ప్రాంతాల నాటి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. కరీబియన్‌లోని నీవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ అనే వర్తకుడి ఇల్లు. అందమైన ఇల్లే. వంటగదిలో రాగి గిన్నెలు వరసగా, పనివాళ్ళను పిలిచే గంటలు, నేలమాళిగలో రాతితో కట్టిన చన్నీళ్ళ తొట్టి. పొద్దున్నే దొరగారు అందులో మునిగేవారట. పై అంతస్తులో ఒక మనిషి గురించి రాసి ఉంది: పేరో జోన్స్. నీవిస్ దీవిలో పన్నెండేళ్ళ వయసులో ఇద్దరు చెల్లెళ్ళతో సహా పిన్నీ కొనుక్కున్నాడు. చెల్లెళ్ళకు ఎనిమిదేళ్ళు, ఆరేళ్ళు. తర్వాత దొరగారి సొంత సేవకుడిగా బ్రిస్టల్ తెచ్చుకున్నాడు. 1798లో చనిపోయేదాకా పేరో సేవ చేస్తూనే ఉన్నాడు.

ఆరో తరగతి పిల్లల వయసు. నేను ఆ బోర్డు ముందు ఎక్కువసేపు ఉండలేకపోయాను.

ఈ ఊరి ఓడలు 1698 నుంచి 1807 దాకా ఐదు లక్షలకు పైగా ఆఫ్రికా మనుషులను అట్లాంటిక్ దాటించి అమ్మేశాయి. ఇక్కణ్ణుంచి సామాను ఆఫ్రికాకు, అక్కణ్ణుంచి మనుషులు అమెరికా తోటలకు, ఆ తోటల నుంచి చక్కెరా పొగాకూ ఇక్కడికి. ఇప్పుడు హార్బరు మీద కొమ్ముల్లాంటి రెండు పెద్ద బూరలతో ఓ నడక వంతెన ఉంది. 1999లో తెరిచారు, పేరో పేరే పెట్టారు. పిల్లలు దాని కడ్డీలకు జ్ఞాపకంగా తాళాలు వేస్తారు. ఆ పేరు ఎవరిదో వాళ్ళలో ఎందరికి తెలుసో.

రెండోసారి మంగళవారమే వెళ్ళాం ఎమ్ షెడ్‌కు. ప్రవేశం ఉచితం, రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న ఆయన ముఖం వెలిగింది. లోపల ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహం పడుకోబెట్టి ఉంది. నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. కంచు కోటు మీద ఎరుపూ నీలం రంగులు, రాతలు, అన్నీ అలాగే ఉంచారు. ఈయన 1721లో చనిపోయిన వర్తకుడు, బడులకూ ఆస్పత్రులకూ దానాలు చేసినవాడు, 1895లో ఊరివాళ్ళు విగ్రహం పెట్టేంత పెద్దమనిషి. ఆ దానాల డబ్బులో ఒక భాగం బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీది. ఆయన అందులో ఉన్న రోజుల్లో ఆ కంపెనీ సుమారు 84,000 మందిని ఓడలెక్కించింది. 2020 జూన్ 7న జనం తాళ్ళు కట్టి విగ్రహాన్ని లాగి, దొర్లించుకుంటూ తీసుకెళ్ళి, పేరో వంతెన దగ్గరే హార్బరులో పడేశారు. నాలుగు రోజులకు మున్సిపాలిటీ వాళ్ళు పైకి తీశారు.

"పడేసినదాన్ని మళ్ళీ తెచ్చి చూపించడమేమిటి? ఉంచితే నిలబెట్టాలి, లేకపోతే కరిగించాలి" అన్నారు మా ఆయన.

నేను ఒప్పుకోలేదు. నిలబెట్టి ఉన్నప్పుడు తలెత్తి చూడాలి, అప్పుడు కనిపించేది గడ్డమే. ఇలా పడుకుని ఉంటే ముఖం మన నడుము దగ్గర ఉంటుంది, వంగి చూడొచ్చు. ముక్కు దగ్గర రంగు పెచ్చులూడింది. నా పక్కన ఓ పిల్లవాడు వాళ్ళమ్మను "నీళ్ళలో చేపలు కొరికాయా?" అని అడిగాడు. మా ఇద్దరి వాదం ఆ రాత్రి అన్నాలదాకా సాగింది. అల్లుడు మామగారి పక్షం, అమ్మాయి నా పక్షం.

పార్క్ స్ట్రీట్ పైన యూనివర్సిటీ వాళ్ళ విల్స్ మెమోరియల్ గోపురం ఉంది. 65 మీటర్లు, గుడి గోపురంలాగే ఊరంతా కనిపిస్తుంది. 1925లో అయిదో జార్జి రాజు వచ్చి తెరిచారు. 'విల్స్' అనగానే మా ఆయన "సిగరెట్ విల్సా?" అన్నారు. ఆ విల్సే. 1786 నుంచీ ఈ ఊళ్ళో పొగాకు వ్యాపారం చేసిన కుటుంబం. 1901లో బ్రిటన్‌లోని 13 పొగాకు కంపెనీలు కలిసి ఇంపీరియల్ టొబాకో అయితే దానికి పెద్ద దిక్కు వీళ్ళే. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా వచ్చింది, అదే ఇప్పటి ఐటీసీ. గుంటూరు, చీరాల వైపు రైతులు వర్జీనియా ఆకు వేయడం మొదలైంది ఆ కాలపు కంపెనీల కొనుగోళ్ళతోనే. అది కృష్ణ దాటి మా నాన్న చేలోకి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా మేనమామ జేబులో ఎప్పుడూ కనిపించిన విల్స్ పెట్టె మీది పేరు ఇంత ఎత్తున రాతిలో నిలబడి ఉంటుందని ఊహించలేదు. కోల్‌స్టన్‌ను చూసి అంత గట్టిగా వాదించినదాన్ని, ఈ గోపురం కింద మాత్రం మాట్లాడలేదు. మా ఇంట్లో నా చదువుకు ఫీజు కట్టిందీ ఆ ఆకే.

ఇక నేను వచ్చిన పని.

కాలేజ్ గ్రీన్‌లో, కేథడ్రల్ పక్కన, రామ్మోహన్ రాయ్ నిలువెత్తు విగ్రహం ఉంది. తలపాగా, పొడవాటి అంగరఖా. మన స్వాతంత్ర్యానికి 50 ఏళ్ళు నిండిన 1997లో పెట్టారు, చెక్కింది నిరంజన్ ప్రధాన్. అది మొదటి రోజే చూశాం. సమాధి మాత్రం ఊరికి ఆగ్నేయంగా ఆర్నోస్ వేల్ శ్మశానంలో. బస్సు ఎక్కి కార్డు తాకించాం, కూర్చున్నాం, ఇళ్ళు పల్చబడాల్సింది పోయి దుకాణాలు పెరుగుతున్నాయి. రోడ్డుకు ఇటువైపు స్టాపులో ఎక్కాల్సింది అటువైపు ఎక్కాం. స్టేషన్ మాస్టరుగారు 'అప్'కూ 'డౌన్'కూ తేడా మరిచిపోయారు! దిగి, రోడ్డు దాటి, తుంపరలో ఇరవై నిమిషాలు నిలబడి మళ్ళీ ఎక్కాం. నేను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ.

ఆర్నోస్ వేల్ 1837లో మొదలైన తోట శ్మశానం. గేటు దగ్గర గ్రీకు గుళ్ళ లాంటి కట్టడాలు, వెనక కొండంతా చెట్లు, చెట్ల మధ్య ఒరిగిన శిలువలు. వాటి నడుమ, గేటుకు దగ్గర్లోనే, ఉన్నట్టుండి మన దేశం. స్తంభాల మీద గోపురం, అంచుల్లో చెక్కడాలు, బెంగాలీ ఛత్రి. లేత పసుపు రాయి తడిసి తేనె రంగులోకి వచ్చింది.

పిల్లలకు ఒక మార్కులో చెప్పిన సంగతి ఇది. మొగల్ చక్రవర్తి రెండో అక్బర్ 'రాజా' బిరుదు ఇచ్చి తన భత్యం గురించి ఇంగ్లండులో వాదించమని పంపితే, 1831లో వచ్చారు. సతి నిషేధాన్ని రద్దు చేయమని ఛాందసులు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టుకు పెట్టుకున్న అప్పీలు 1832లో కొట్టివేసినప్పుడు అక్కడే ఉన్నారు. 1833 సెప్టెంబరు మొదట్లో స్నేహితుల ఇంటికని బ్రిస్టల్ వచ్చి, జ్వరం తగిలి, అదే నెల 27న కన్నుమూశారు. చనిపోయేటప్పటికి ఒంటి మీద జంధ్యం ఉందట. స్టేపుల్టన్‌లో తాము బస చేసిన ఇంటి తోటలోనే, చెట్ల కింద, ఏ మత తంతూ లేకుండా ఉంచారు. పదేళ్ళకు రవీంద్రుడి తాతగారు ద్వారకానాథ్ టాగూర్ పూనుకుని 1843లో ఇక్కడికి మార్పించి ఈ ఛత్రి కట్టించారు. అప్పట్లో రామ్మోహన్ రాయ్‌ను కలిసిన ఇరవయ్యారేళ్ళ అమ్మాయి మేరీ కార్పెంటర్ తర్వాత ఈ ఊళ్ళోనే దిక్కులేని ఆడపిల్లలకు బడి పెట్టింది, 1866లో మన దేశానికీ వచ్చింది.

గట్టు మీద కూర్చున్నాను. రాయి చల్లదనం చీరలోంచి ఎక్కింది. మా నాయనమ్మ చెల్లెలు ఒకావిడ ఉండేది, మేం పిన్నమామ్మ అనేవాళ్ళం. తొమ్మిదేళ్ళకు పెళ్ళి, పదకొండుకు భర్త పోయాడు. తెల్ల పంచె, గుండు, వంటింటి వెనక గది. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. అంటే పిన్నమామ్మ పుట్టడానికి చాలా ముందే. మా ఊరు రాజమండ్రికి యాభై కిలోమీటర్లు కూడా లేదు. ఆ యాభై కిలోమీటర్లు ఆ కబురు రాలేకపోయింది. ఈయన మాత్రం ఇంత దూరం వచ్చి వాదించారు.

సమాధి మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది. ఆయన దేవుడొక్కడేనని దృఢంగా నమ్మినవారని, భర్తలు పోయిన స్త్రీలను కాల్చే ఆచారం పోగొట్టడానికి శ్రమపడ్డారని. మా ఆయన కళ్ళజోడు తుడుచుకుని నాకోసం గట్టిగా చదివారు, స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ చదివినట్టే.

ఒక పెద్దాయన చక్రాల బండిలో ఎండుటాకులు తోసుకుంటూ వచ్చాడు, శ్మశానంలో ఊరికే వచ్చి పనిచేసేవాళ్ళలో ఒకడట. మమ్మల్ని చూసి ఆగి, "మీ వాళ్ళా?" అని అడిగాడు.

"మా ఆవిడ తరఫు" అన్నారు మా ఆయన.

అతను తల ఊపి, ఛత్రి మెట్టు మీద పడ్డ ఆకులు రెండు ఏరి బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. వాన పెద్దదైంది. అమ్మాయి ఫోన్ చేసింది, తిన్నారా అని. గారెల డబ్బా ఇంకా సంచిలోనే ఉంది. చెట్ల మీద సీగల్స్ ఏమైనా ఉన్నాయా అని చూసుకుని, గోపురం కిందే నిలబడి రెండేసి తిన్నాం. తర్వాత రోడ్డు దాటి, ఈసారి సరైన వైపు బస్సే ఎక్కాం.